కృతజ్ఞతా పుస్తకం, ఆడిట్ అభ్యంతరాలు

నాకు కృతజ్ఞత చేతకాదు. గెలవడమంటే మాత్రం ప్రాణం. ఈ సంగతి బయటపడకుండానే ఇన్నేళ్ళూ కాపురం లాక్కొచ్చాను. కిందటి సంక్రాంతికి మా అమ్మాయి డాలస్ నుంచి వచ్చి, గులాబీరంగు అట్ట వేసిన పుస్తకం ఒకటి నా చేతిలో పెట్టింది. పేజీకి మూడేసి గీతలు, మధ్యలో గుర్తుకి పట్టు రిబ్బను. "రోజూ పడుకోబోయే ముందు ఆ రోజు జరిగిన మంచి సంగతులు మూడు రాసుకో అమ్మా. కృతజ్ఞత అలవాటవుతుంది. నీ బీపీ కూడా తగ్గుతుంది" అంది. ఆ బీపీకి కారణమైన మనిషి పక్కనే కూచుని పేపరు చదువుకుంటూ "అవునవును" అని తలాడించారు.

మొదటి రాత్రి బాగా ఆలోచించి గాలికీ, నీటికీ, సూర్యుడికీ కృతజ్ఞతలు రాశాను. చదివి చూసుకుంటే అందులో నేనెక్కడా లేను. ఏడో తరగతి పరీక్ష పేపర్లలో ఇలాంటివి బోలెడు దిద్దాను. పదికి నాలుగు మార్కుల కన్నా వేసేదాన్ని కాదు. పేజీ చింపేశాను. కొత్త పేజీలో ఆ ఖాళీ గీతలు చూస్తూ కూచుంటే లోపల్నించి నిజం తన్నుకొచ్చింది. "ఈ రోజు పాలు పొంగలేదు" అని రాశాను. అది రాస్తున్నప్పుడు నాకు కలిగిన దాన్ని కృతజ్ఞత అని ఎవరూ అనరు. శుద్ధ గర్వం.

నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. సర్వీసంతా గెలుపుల గురించే చెప్పాను. 1757లో బొబ్బిలి, 1758లో చందుర్తి. ఎవరు గెలిచారు, ఎందుకు గెలిచారు, ఫలితాలేమిటి అని బోర్డు మీద రాసి పిల్లల చేత బట్టీ పట్టించాను. బొబ్బిలి గెలిచిన విజయరామరాజు ఆ గెలుపుని నాలుగు రోజులైనా అనుభవించలేదు. గుడారంలో ఉండగానే తాండ్ర పాపారాయుడు వచ్చి పొడిచేశాడు. అది చెప్పేటప్పుడల్లా వెనక బెంచీ వాళ్ళు కూడా నిద్ర లేచేవారు. నేను మాత్రం ఆ కథలో నాకు పనికొచ్చే ముక్క ఉందని ఇంటికొచ్చి పాలు కాచుకుంటున్నప్పుడు కూడా అనుకోలేదు.

పాల సంగతి పడ్డవాళ్ళకే తెలుస్తుంది. మన ఆచారం ఎంత చమత్కారమైనదో చూడండి. గృహప్రవేశం నాడు కొత్త పొయ్యి మీద పాలు కావాలని పొంగిస్తాం. ఎటువైపు పొంగాయో చూసుకుని మురిసిపోతాం, ఫొటో కూడా తీయిస్తాం. మర్నాటి నుంచి ఆ ఇంటి ఇల్లాలి బతుకంతా అవే పాలు పొంగకుండా చూసుకోవడంతో సరి. పాలు కాగుతుంటే కొవ్వూ మాంసకృత్తులూ కలిసి పైన పొర కడతాయట. అడుగునుంచి లేచిన ఆవిరికి దారి దొరక్క ఆ పొరని ఎత్తుకుని పైకొస్తుందట. ఇది మా స్కూల్లో సైన్సు టీచరు చెప్పిన కారణం. ఆవిడ చెప్పనిది ఒకటుంది. మన కళ్ళు ఎటు తిరిగాయో ఆ ఆవిరికి తెలుసు. గిన్నె ముందు గుడ్లప్పగించి నిలబడినంతసేపూ కదలదు. కాలింగ్ బెల్ మోగిందని తల తిప్పామా, బర్నరు దాకా అభిషేకమే. గిన్నె మీద అడ్డంగా చెక్క గరిటె పెడితే పొంగవని ఎవరో చెప్తే పెట్టాను. గరిటెతో సహా పొంగాయి. అంచేత, బెల్ మోగినా, ఫోను వచ్చినా, కింద కూరలబండి వాడు "తోటకూర, పాలకూరా" అని పిలిచినా చలించక నిలబడి, పొర కదలబోయే ముందు స్టవ్వు కట్టేసిన పొద్దున్న నేను ఎవరికీ తీసిపోననిపిస్తుంది.

రెండో రోజు పద్దు పెరుగుది. మా ఊరు విజయవాడ. మే నెలలో రాత్రి తోడేస్తే తెల్లారేసరికి పుల్లటి మజ్జిగ. డిసెంబరులో అదే గిన్నె, అదే తోడు, పొద్దున లేచి చూస్తే పాలు పాలుగానే ఉంటాయి. పెరుగు చేసే సూక్ష్మజీవులకి 40, 45 డిగ్రీల వేడి హాయిగా ఉంటుందట. మా అమ్మ థర్మామీటరు మొహం ఎరగదు. చిటికెన వేలు ముంచి చూసేది. కాలకూడదు, చల్లగానూ తగలకూడదు. ఆవిడ వేలికున్న ఆ జ్ఞానం నా వేలికి రాలేదు. అందుకే గిన్నె పక్కకి వంచితే జారకుండా గడ్డపెరుగు నిలబడ్డ రోజున, ఆ గిన్నె పట్టుకుని ఇల్లంతా తిరిగాను. చూపించడానికి మా ఆయన తప్ప ఎవరూ లేరు. ఆయన కళ్ళజోడు సవరించుకుని, గిన్నెలోకి తొంగిచూసి, "నీరు ఊరలేదు, బానే ఉంది" అన్నారు. వాళ్ళ శాఖలో ఇంతకన్నా పెద్ద పొగడ్త లేదు.

ఇక్కడ మా ఆయన గురించి చెప్పాలి. ఆయన ఉద్యోగమంతా ఆడిట్‌లో చేశారు. ఒకరు రాసిన లెక్కల పక్కన ఎర్రసిరాతో సందేహాలు రాయడం ఆయన వృత్తి. రిటైరయ్యాక లెక్కలు పోయాయి, సిరా మిగిలింది. ఇస్త్రీ పద్దు, పేపరు బిల్లు, అపార్టుమెంటు మెయింటెనెన్సు రసీదు, దేన్నీ వదలరు. చూసి, సంతకం చేసి, తేదీ వేస్తారు. మునిమాణిక్యం నరసింహారావు గారు తన కథల్లో భార్య కాంతం చేతిలో ఓడిపోతూ తెలుగువాళ్ళ మనసులన్నీ గెలుచుకున్నారు. మా ఆయనకి ఆ కిటుకు తెలీదు. అందుకని పుస్తకాన్ని కందిపప్పు డబ్బా వెనక దాచాను. పప్పుతో ఆయనకి విస్తట్లో తప్ప పరిచయం లేదు. కానీ ఒకనాడు నేను గుడికి వెళ్ళినప్పుడు, మజ్జిగలోకి ఇంగువ కావాల్సొచ్చి డబ్బాలన్నీ కదిపారు. అంతే.

ఆ రాత్రి పుస్తకం తెరిస్తే మార్జినంతా ఎర్రగా ఉంది. "పాలు పొంగలేదు" ఎదురుగా: "మంట తగ్గించినది ఎవరు? రికార్డు చూపలేదు." పెరుగు ఎదురుగా: "తోడు ఎక్కడినుండి వచ్చినది? వోచరు జతపరచలేదు." ఆ పై వారం పటమట రైతుబజారులో ఆఖరి గోంగూర కట్ట నాకే దొరికిందని రాసుకున్నాను. దాని పక్కన: "సంచి మోసినది ఎవరు?"

"పెళ్ళాం డైరీ చదవకూడదని తెలీదా?" అని మండిపడ్డాను.

"డైరీ అయితే చదవను. ఇది క్లెయిముల రిజిస్టరు. గెలిచానని రాశావు, ఆధారం చూపించాలి" అన్నారు, పేపరు మీంచి కళ్ళెత్తకుండా.

అమ్మాయికి ఫోను చేసి మొత్తుకున్నాను. అది ఓదార్చడం మానేసి శాస్త్రం విప్పింది. రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ఒక పరిశోధన ప్రచురించారట. కొందరు విద్యార్థుల చేత 10 వారాలపాటు, వారానికోసారి, కృతజ్ఞత కలిగించిన సంగతులు అయిదు దాకా రాయించారు. ఇంకొందరి చేత చిరాకు పెట్టినవి రాయించారు. మొదటివాళ్ళు తమ బతుకు బాగుందన్నారు, వచ్చే వారం మీద ఆశ ఎక్కువ పెట్టుకున్నారు, వ్యాయామం కూడా ఎక్కువ చేశారు. వింటుంటే నాకు ఆ రెండో గుంపు మీదే మనసు పోయింది. వారమంతా కలిపి అయిదు చిరాకులా! మా ఇంట్లో అయితే మొదటి కాఫీ పూర్తయ్యేలోపు రాసి ఇచ్చేసి వెళ్ళేదాన్ని. "వాళ్ళు వారానికోసారి రాస్తే మరి నన్ను రోజూ రాయమంటావేమే?" అని నిలదీశాను. "నీ సంగతి నాకు తెలుసు కదమ్మా" అంది.

ఇంకో పుస్తకం సంగతి కూడా చెప్పింది. టెరెసా అమబిలె, స్టీవెన్ క్రామర్ కలిసి 2011లో తెచ్చిన 'ది ప్రోగ్రెస్ ప్రిన్సిపుల్'. కంపెనీల్లో పనిచేసే 238 మంది ఏ రోజుకారోజు రాసిన దాదాపు 12,000 డైరీ పద్దులు చదివారట. ఇవాళ మంచి రోజు అని మనిషికి అనిపించడానికి అన్నిటికన్నా పెద్ద కారణం, తను విలువిచ్చే పని, చిన్నదే కానీ, కాస్త ముందుకి సాగడమేనని తేల్చారు. రాసిన ఇద్దరూ భార్యాభర్తలట. అది విన్నాక కాసేపు మాట్లాడలేకపోయాను. ఆ దంపతులు పరాయివాళ్ళ డైరీలు చదువుకుని సుఖంగా ఉన్నారు.

గెలుపంటే ఏమిటో తెలియాలంటే లంగాకి బొందు ఎక్కించినవాళ్ళని అడగాలి. ఉతుకులో బొందు కొస ఒకటి లోపలికి పోతుంది. పిన్నీసు కొసకి గుచ్చి, మడతలోంచి వేళ్ళతో తడుముకుంటూ అంగుళం అంగుళం జరపాలి. సగం దారిలో పిన్నీసు విచ్చుకుంటుంది. బొందు అక్కడే ఉండిపోతుంది, పిన్నీసొక్కటీ క్షేమంగా అవతలికి చేరుతుంది. మళ్ళీ మొదటికి. ఈలోగా టీవీలో అత్త కోడల్ని ఇంట్లోంచి గెంటేసి, కోడలు వేరే పేరుతో తిరిగొచ్చి, అత్త ఆమెని గుర్తుపట్టకుండా మెచ్చుకోవడం కూడా అయిపోతుంది. చివరికి అవతలి కన్నంలోంచి బొందు కొస తొంగి చూసినప్పుడు నేను వేసిన కేకకి మా ఆయన బాల్కనీలోంచి పరిగెత్తుకొచ్చారు. ఎవరో పోయారనుకున్నారట.

సూదిలో దారం అంతకన్నా కష్టం. నలభై దాటాక కంట్లో కటకం బిరుసెక్కి దగ్గరివి ఆనవు, దాన్నే చత్వారం అంటాం. ట్యూబులైటు కింద నిలబడి, దారం కొస నాలికతో తడిపి, ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి దూర్చాను. దూరింది. ఆనందంగా లాగితే దారం చేతిలో, సూది చేతిలో. నేను కన్నం అనుకున్నది సూదికి పక్కనున్న ఖాళీ. చిన్నప్పుడు మా అమ్మమ్మ "నీ కళ్ళు చురుకైనవే, కాస్త ఎక్కించి పెట్టవే" అని సూదీ దారం ఇస్తే, ఆట చెడిపోతోందని విసుక్కుంటూ ఎక్కించి, ఆవిడ ఒళ్ళో పడేసి పారిపోయేదాన్ని. అమ్మమ్మ రాసుకునే అలవాటున్న మనిషి కాదు. రాసుకుని ఉంటే ఆ రోజు పద్దుకి వోచరు నేనే.

గ్యాసు బండ విషయంలో మాత్రం నాకు నిజంగానే కొంత ప్రజ్ఞ ఉంది. 14.2 కిలోల గ్యాసు ఎప్పుడు అయిపోవాలో దానికి తెలుసు: పోపులో ఆవాలు చిటపటలాడే ముందు. నేను తడిగుడ్డ పెట్టి బండ చుట్టూ తుడుస్తాను. లోపల గ్యాసు ఉన్న మేర తడి ఆలస్యంగా ఆరుతుంది, పైది తొందరగా ఆరిపోతుంది. ఆ గీత చూసి, "ఇవాళ దిబ్బరొట్టె అవుతుంది, రేపటి పులుసు అవదు" అని జోస్యం చెప్పాను. రొట్టె దింపి పళ్ళెంలో పెట్టిన నిమిషానికి మంట నీలంగా వణికి ఆరింది. కాలరు లేదు గానీ ఉంటే ఎగరేసేదాన్ని. రాత్రి ఆ పద్దు రాయడానికి పట్టినంత సేపు రొట్టె కాలడానికి కూడా పట్టలేదు. మర్నాటికి మార్జిన్లో ఒక ముక్క చేరింది: "రెండవ బండ బుక్ చేసినది, కోడ్ చెప్పి దింపించుకున్నది, వంటింట్లోకి దొర్లించినది ఎవరు?"

ఇంతలో ఆయనా ఒకటి గెలిచారు. హాల్లో ఫ్యాను నీరసించి, కర్రతో తోస్తే గాని తిరగడం లేదు. ఎలక్ట్రీషియను "వచ్చేస్తున్నా సార్" అంటూనే ఉన్నాడు. మా ఆయన యూట్యూబులో చూసి, మెయిన్ కట్టేసి, కుర్చీ ఎక్కి, 2.5 మైక్రోఫారడ్ల కెపాసిటరు పాతది తీసి కొత్తది బిగించారు. స్విచ్చి వేస్తే ఫ్యాను గిర్రున తిరిగింది. ఆయన దాని కిందే నిలబడి, మిగిలిన నాలుగు వెంట్రుకలూ ఎగురుతుండగా, ఆ సాయంత్రం గుమ్మం తొక్కిన ప్రతివాళ్ళనీ "గాలి బాగా వస్తోంది కదూ?" అని అడిగారు. సంతకం కోసం వచ్చిన కొరియరు అబ్బాయిని కూడా లోపలికి పిలిచి అడిగారు. ఆ గర్వం చూస్తే నాకు చాలా చిన్నతనంగా అనిపించింది. మనిషన్నాక ఇంత చిన్నదానికి అంత సంబరమా అని తల తిప్పుకున్నాను. నా చేతిలో అప్పుడు తోడుకున్న పెరుగు గిన్నె ఉంది.

ఫ్యాను సంగతి నా పుస్తకంలో ఎక్కించలేదు. రెండు రోజులు ఓపిక పట్టి రాశారు: "ఫ్యాను మరమ్మతు రిజిస్టరులో నమోదు కాలేదు. కారణము తెలుపవలెను." నేను కిరాణా కొట్టుకి వెళ్ళి ఎర్రపెన్ను కొనుక్కొచ్చి కింద రాశాను: "కుర్చీ పట్టుకున్నది ఎవరు? రికార్డు చూపలేదు."

అంతటితో ఊరుకోలేదు. వోచర్లు కావాలంటే వోచర్లే పడేస్తానని, ప్రతి పేజీకీ కుడివైపు నిలువు గీత కొట్టి "కారకులు" అని శీర్షిక పెట్టాను. ఆయన నోరు మూయించడానికి తప్ప మరో సదుద్దేశం నాకు లేదు. మొదటి పద్దు పాలు. తెల్లారకుండా తలుపు హ్యాండిలుకి సంచి తగిలించి పోయే కుర్రాడు. వానొచ్చినా, బందైనా పాలు రాని రోజు లేదు. పేరు రాద్దామని పెన్ను పెడితే పేరు తెలీదు. మర్నాడు చీకటితో లేచి తలుపు వెనక కాపు కాసి, అతను సంచి తగిలిస్తుండగా చటుక్కున తీశాను. పాపం, హడలిపోయాడు. "ఏంటి మేడం, పాలు విరిగినయ్యా?" అన్నాడు. "లేదు నాయనా, నీ పేరేమిటి?" అన్నాను. అనుమానంగా చెప్పాడు. ఎందుకని అడిగితే "ఊరికే" అన్నాను. నా లెక్కల పుస్తకంలో నువ్వు వోచరువి అని చెప్తే ఆ కుర్రాడు మానేసి ఇంకో వీధికి వెళ్ళిపోడూ?

పెరుగు తోడు పై ఫ్లాటు వదినగారిచ్చింది. ఆవిణ్ణడిగితే ఎదురు ఫ్లాటు వాళ్ళదన్నారు. వాళ్ళనడిగితే నెల్లూరు నుంచి వాళ్ళత్తగారు రైల్లో వచ్చేటప్పుడు టిఫిను డబ్బాలో తెచ్చుకున్నదట. ఆవిడకి పరాయి ఇళ్ళలో పెరుగు పడదు. నెల్లూరు దాకా వెళ్ళాక నేనే ఆగిపోయాను. ఒక చెంచాడు పెరుగుకి మా ఇంటి కన్నా పెద్ద వంశవృక్షం ఉంది. మా ఆయన ఆ పేజీ చదివి, చాలాసేపు చూసి, కింద ఏమీ రాయకుండా ఒక టిక్కు పెట్టారు.

గోంగూర దగ్గర మాత్రం ఇరుక్కున్నాను. రైతుబజార్లు 1999లో పెట్టారు. దళారి లేకుండా పండించినవాడే అమ్ముకోవాలని. కంకిపాడు వైపు నుంచి వచ్చే రైతు పేరు కారకుల్లో రాశాను. కానీ నిజం చెప్పొద్దూ, ఆ ఆఖరి కట్ట కోసం నా పక్కనే ఇంకో చెయ్యి కూడా చాచింది. ఆ చేతికి ఎర్ర గాజులున్నాయి. నాది ముందు పడింది. ఆవిడ వెనక్కి తగ్గబట్టే నేను గెలిచాను. ఆవిడని ఏ గడిలో వెయ్యను? వదిలేశాను. మార్జిన్లో రాశారు: "సగం కట్ట ఇచ్చి ఉండవచ్చును." ఇవ్వొచ్చు. ఆ రోజు తోచలేదు. తోచినా ఇచ్చేదాన్ని కాదేమో కూడా.

ఇవన్నీ చూసి, ఈవిడ జీవితంలో పెద్ద గెలుపులేవీ లేవు కాబోలు అనుకునేరు. ఉన్నాయి. జిల్లా స్థాయిలో ఉత్తమ ఉపాధ్యాయురాలినని స్టేజీ మీద శాలువా కప్పారు. విజయవాడలో, సెప్టెంబరు ఉక్కలో, శాలువా! వీపు మీద చెమట కాలవలు కడుతుంటే నవ్వుతూ ఫొటో దిగాను. రిటైర్మెంటు రోజున ఇంకో అరడజను కప్పారు. అన్నీ బీరువాలో కలరా ఉండల మధ్య ఉన్నాయి. ఇంటి లోను తీరి కాగితాలు చేతికొచ్చిన రోజు మా ఇద్దరికీ ఇప్పటికీ బాగా గుర్తుంది, ఎందుకంటే ఆ రోజు ఆటో అతను చిల్లర లేదని మా ముప్పై రూపాయలు ఉంచేసుకున్నాడు. లోను తీరిందని సంబరపడడానికి అప్పటికి ఒంట్లో ఓపిక లేదు. నెలనెలా కడుతూ సంబరాన్ని కూడా వాయిదాల్లో కట్టేసినట్టున్నాం. పెద్ద గెలుపు వచ్చేసరికి నలుగురికీ భోజనాలు పెట్టాలి, అరుగుతుందో లేదో అని దిష్టి తీయించుకోవాలి. విజయరామరాజు గెలుపైతే గుడారం కూడా దాటలేదు. అదే బొందు ఎక్కించినందుకు నన్నెవరూ పార్టీ అడగలేదు.

ఇక స్టీలు గిన్నె. ఇన్నిటిలోకీ ఘనమైనది ఇదే కాబట్టి కాస్త ఓపిగ్గా వినాలి.

పెళ్ళిలో మా అమ్మ ఒకదాంట్లో ఒకటి ఇమిడే గిన్నెల వరస ఇచ్చింది. ప్రతి గిన్నె మీదా మా పుట్టింటి పొడి అక్షరాలు, కింద 1987. అప్పట్లో స్టీలు సామాన్ల కొట్టులోనే చిన్న మిషను పట్టుకుని ఒకతను కూచునేవాడు, బుర్రుమంటూ పేరు చెక్కిచ్చేవాడు. పేరుంటే వస్తువు పోదని మా అమ్మ నమ్మకం. నా అనుభవంలో, పోయిన గిన్నె ఎవరింట్లో ఉందో స్పష్టంగా చదువుకుని కుమిలిపోవడానికి తప్ప ఆ అక్షరాలు ఎందుకూ పనికిరావు. ఎందుకంటే మనకో మర్యాద ఉంది: ఏదైనా పెట్టి పంపిన గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు. బొబ్బట్లు పంపితే, బొబ్బట్లకి తగినదేదో చేసిన రోజున గాని గిన్నె వెనక్కి రాదు. తగినది చేసేసరికి నెలలు గడుస్తాయి. ఈలోగా ఆ గిన్నె ఆ ఇంటి అలవాట్లకి అలవాటు పడిపోతుంది.

వరసలో పెద్ద గిన్నె పై ఫ్లాటు వదినగారింట్లో కనబడింది. అందులో రాళ్ళుప్పు పోసుకున్నారు. నా పుట్టింటి అక్షరాలు నన్ను చూస్తున్నాయి. "అది నాది" అనడానికి నోరు రాలేదు. తోడు ఇచ్చే మనిషితో పేచీ పెట్టుకోకూడదు. పది రోజులు ఆలోచించి, ఒక సాయంత్రం పైకి వెళ్ళాను. "వదినగారూ, రేపు మా ఇంటికి చుట్టాలొస్తున్నారు, పులిహోర కలపడానికి కాస్త పెద్ద గిన్నె ఉందా?" అన్నాను. ఆవిడ అటూ ఇటూ చూసి, ఉప్పు వేరే డబ్బాలో వంపి, గిన్నె కడిగి తుడిచి నా చేతికిచ్చారు. "జాగ్రత్త వదినగారూ, పాతకాలం స్టీలు, ఇలాంటివి ఇప్పుడు దొరకవు. మళ్ళీ నాకు కావాలి" అన్నారు. నా గిన్నెని నేనే ఎరువు తెచ్చుకుని, మెట్లు దిగేటప్పుడు నవ్వు ఆపుకోలేక రెయిలింగు పట్టుకున్నాను. ఆ రాత్రి పుస్తకంలో మూడు గీతలూ దానికే సరిపోలేదు, వెనక అట్ట మీద కూడా రాశాను.

ఎర్రసిరా ఊరుకోలేదు. "ఎరువుగా తెచ్చిన ఆస్తిని స్వాధీనముగా చూపరాదు" అని రాసి, ఆదివారం పొద్దున్నే అలమర ముందు స్టూలు వేసుకుని నిల్వల తనిఖీ మొదలెట్టారు. ఒక్కో గిన్నె తిరగేసి చదివారు. వరసగా రెండు తీసి బల్ల మీద పెట్టారు. ఒకదాని మీద ఎవరివో తెలీని అక్షరాలు. రెండోదాని మీద పై ఫ్లాటు వదినగారి ఇంటిపేరు, 1991. మేము ఏనాటినుంచో చారు కాచుకుంటున్న గిన్నె అది. "ఇప్పుడేమంటావు?" అనలేదు ఆయన. అనకుండా కాఫీ పెట్టుకోవడానికి లేచారు. అది ఇంకా కష్టం.

చారు గిన్నెలో బొబ్బట్లు పెట్టి పైకి తీసుకెళ్ళాను. వదినగారు బొబ్బట్లు చూడకముందు గిన్నె అడుగు చూశారు. నేను ఉప్పు డబ్బా వైపు చూశాను. ఇద్దరం ఏమీ అనుకోలేదు. ఆ రోజు కారకుల గడిలో ఆవిడ పేరు రాశాను, ఆయన పేరు కూడా రాశాను. ఆయన పేరు పెన్సిలుతో రాశాను.

ఇప్పుడు మా రిజిస్టరులో తేలని పేరా ఒక్కటే మిగిలింది. అదే వరసలో మూడో గిన్నె, దాని మూతతో సహా. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలప్పుడు మా ఇంట్లో చుట్టాలూ, చుట్టాల చుట్టాలూ, వాళ్ళకి రైల్లో పరిచయమైనవాళ్ళూ దిగారు. హాల్లో కాలు పెట్టే చోటు లేదు. వెళ్ళేటప్పుడు ఎవరికో దారిలోకి ఆ గిన్నెలో పులిహోర కట్టిచ్చాను. ఎవరికిచ్చానో గుర్తులేదు. మా ఆయన "పెండింగు, చర్య తీసుకోవలెను" అని రాసి రెండు గీతలు కొట్టారు. చర్య కిందే ఇది రాస్తున్నాను.

మూత అంచున చిన్న సొట్ట, అడుగున 1987 అని ఉంటుంది. మీ ఇంట్లో కనబడితే హడావిడిగా పంపక్కర్లేదు. 2028లో మళ్ళీ కృష్ణా పుష్కరాలొస్తున్నాయి, స్నానానికి వచ్చేటప్పుడు సంచిలో వేసుకుని రండి. ఖాళీగా ఇచ్చినా ఏమీ అనుకోను.